ఊరికో చెడుగుడు: వేర్వేరు లార్ప్ బృందాలతో ఒకే ఆట నడపడం ఎలా

రెండు వీధుల పిల్లలు కలిసి ఆడాలంటే ముందు రూల్స్ దగ్గర తగువు పడతారు. గీత తొక్కితే ఔటా, దాటితేనే ఔటా? కూత ఆపాడని ఎవరు చెప్పాలి? 'తూచ్' అంటే ఎన్నిసార్లు ఒప్పుకోవాలి? ఆ తగువు తీరాక ఆట సాఫీగా సాగుతుంది. తగువు పడకుండా దిగితే మాత్రం పది నిమిషాల్లో ఎవరో ఒకరు 'తొండి' అని అరుస్తారు. చూస్తే అక్కడ తొండి ఆడినవాళ్లెవరూ ఉండరు. ఎవరి వీధి పద్ధతి వాళ్లు ఆడుంటారు.

లార్ప్ బృందాలు కలిసినప్పుడూ ఇదే జరుగుతుంది. లార్ప్ అంటే వేషం కట్టి, నడిచి, మాట్లాడి, అవసరమైతే ఫోమ్ కత్తితో పోరాడి పాత్రగా బతికే ఆట. ప్రేక్షకులు ఉండరు, ఆడేవాళ్లే చూసేవాళ్లు. పిల్లలు పడే ఆ మొదటి తగువును పెద్దవాళ్లు మొహమాటానికి పోయి పడరు. 'అందరం లార్పర్లమే కదా' అనుకుని దిగిపోతారు. ఈ గైడ్‌లోని పనుల్లో సగం ఆ తగువును ఆటకు ముందే, కాగితం మీద, ప్రశాంతంగా పెట్టించడానికే.

లెక్కలన్నీ 48 మంది, నాలుగు బృందాలు, శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా నడిచే ఆటకు వేసినవి. 60 దాటితే నిర్వాహకులను పెంచాలి. 30 లోపు అయితే కింద చెప్పిన మూడు చోట్లకు బదులు రెండు చాలు.

ఎవరు ఎక్కడి నుంచి వస్తున్నారు

నాలుగు బృందాలూ నాలుగు పద్ధతుల నుంచి వస్తాయనుకుందాం. మొదటిది యుద్ధ బృందం. అమెరికాలో 1977లో మొదలైన డాగొర్‌హిర్, 1983లో టెక్సస్‌లోని ఎల్ పాసోలో మొదలైన ఆమ్ట్‌గార్డ్ యుద్ధ క్రీడకు దగ్గరగా ఉంటాయి. గట్టి గొట్టం చుట్టూ ఫోమ్, దాని మీద గుడ్డ తొడుగు: అదీ ఆయుధం. దెబ్బ చేతికి తగిలితే ఆ చెయ్యి పోయినట్టే. డాగొర్‌హిర్‌లో దెబ్బ లెక్కలోకి రావాలంటే తగినంత బలం ఉండాలి.

యూరప్ ఫాంటసీ లార్ప్ దారి వేరు. బ్రిటన్‌లో 1982లో చెషైర్‌లోని పెక్‌ఫర్టన్ కోటలో ట్రెజర్ ట్రాప్ మొదలైంది. జర్మనీలో బ్రోకెలో ఊరి దగ్గర 2004 నుంచి జరుగుతున్న కాన్‌క్వెస్ట్‌కు వేలమంది వస్తారు. ఇక్కడ ఫోమ్ మీద లేటెక్స్ అనే రబ్బరు పొర వేసిన, అచ్చం ఇనుప కత్తిలా కనిపించే కత్తులు వాడతారు. చెయ్యి వెనక్కి లాగి తేలిగ్గా తాకించడమే పద్ధతి, నొప్పిని నటించి చూపడం తగిలినవాళ్ల పని. 'నువ్వు ఏది చేసి చూపగలవో అదే నీకు వచ్చు' అనే సూత్రం మీద, పాయింట్ల లెక్కే లేకుండా ఆడే జర్మన్ బృందాలు చాలా ఉన్నాయి.

మూడోది హాల్లో మాటలతో నడిచేది. 1993లో వచ్చిన 'వాంపైర్' (రక్తపిశాచుల కథ) లార్ప్ రూల్స్‌లో గొడవలు రాయి-కాగితం-కత్తెరతో తేలతాయి, ఒకరినొకరు ముట్టుకోకూడదు. ప్రతివాళ్ల చేతిలో ఒక రహస్యాల కాగితం ఉంటుంది, ఆ రహస్యాలే వాళ్ల ఆస్తి.

నాలుగోది నార్డిక్, అంటే ఉత్తర యూరప్ దేశాలది. 1997లో ఓస్లోలో క్నూటెపుంక్ట్ అనే సమావేశం మొదలైంది. అది నార్వే, స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్ మధ్య తిరుగుతూ, ఏ దేశంలో జరిగితే ఆ భాషలో పేరు మార్చుకుంటుంది. ఆ పేరుకు అర్థం ముడి, కలిసే చోటు. ఈ పద్ధతివాళ్లలో చాలామంది ఆటకు ముందే కథ మలుపులు బయటపెట్టుకుంటారు, కథ బాగుంటుందంటే కావాలనే ఓడిపోతారు. కొందరు కంటికి కనిపించేదంతా నిజంలా ఉండాలంటారు. తెలుగువాళ్లకు దీన్ని పగటివేషంతో పోల్చి చెప్పవచ్చు: స్టేజీ లేదు, తెర లేదు, వీధిలో ఎదురైన మనిషి ముందు వేషం నిలబడాలి. కాకపోతే ఇక్కడ ఎదురైన మనిషి కూడా వేషధారే.

ఇప్పుడు ఈ నలుగురినీ ఒక చావిడిలో ఊహించండి. నార్డిక్ ఆటగాడు తన రహస్యాన్ని తానే బయటపెట్టేసుకుంటాడు. హాలు ఆటగాడికి అది గేమ్ చెడగొట్టడం. ఓడిపోవడానికి సిద్ధపడి నిలబడ్డవాణ్ని కొట్టడం యుద్ధ బృందానికి అవమానంగా ఉంటుంది. యుద్ధ బృందం మామూలుగా వేసే దెబ్బ లేటెక్స్ వాళ్లకు దాడిలా తోస్తుంది. అందరూ తమ దగ్గర మంచి ఆటగాళ్లే.

ఆరు నెలల ముందు: రాయని రూల్స్ రాయించండి

ప్రతి బృందం నుంచి ఇద్దర్ని అడగండి, ఒకరు నిర్వాహకులు, ఒకరు మామూలు ఆటగాడు. నిర్వాహకుడు పుస్తకంలో ఉన్నది చెబుతాడు, ఆటగాడు నిజంగా జరిగేది చెబుతాడు. మీకు కావాల్సింది రెండోది. ఈ ఎనిమిది ప్రశ్నలకు ఒక్కొక్కరూ విడిగా, ఒకటిన్నర పేజీ మించకుండా రాసి పంపాలి:

– ఆట ఆపాలంటే ఏమంటారు? ఆ మాట వినగానే అందరూ ఏం చేస్తారు?
– దెబ్బ తగిలిందని చెప్పేది కొట్టినవాళ్లా, తగిలినవాళ్లా?
– ఎదుటివాళ్ల భుజం మీద చెయ్యి వేయాలంటే అడగాలా?
– నా రహస్యం నేనే చెప్పేస్తే తప్పా?
– పాత్ర చనిపోతే మనిషి ఏం చేస్తాడు?
– రాత్రి ఆట ఎప్పుడు ఆగుతుంది? నిద్రపోతున్నవాళ్లను లేపవచ్చా?
– రూల్ దగ్గర తేడా వస్తే ఎవరు తీరుస్తారు?
– ఆట అయ్యాక 'బాగా ఆడాడు' అని ఎవర్ని అంటారు?

వీడియో కాల్‌లో అడగవద్దు. కాల్‌లో మొదట మాట్లాడినవాళ్ల జవాబే అందరి జవాబు అయిపోతుంది. చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ జవాబుల్లో అన్నిటికంటే పెద్ద తేడా అక్కడే బయటపడుతుంది. గెలిచినవాణ్ని మెచ్చుకునే బృందమూ, ఎదుటివాళ్లకు సీన్ ఇచ్చినవాణ్ని మెచ్చుకునే బృందమూ రూల్స్ అన్నీ ఒకేలా ఉన్నా కొట్టుకుంటాయి.

జవాబులను పక్కపక్కన పెట్టి ఒకే పట్టికగా వేసి నాలుగు బృందాలకూ పంపండి. 'మాది సరైనది' అనే మాట పట్టికలో రానివ్వకండి.

మూడు నెలల ముందు: ఒకరి ఆట ఒకరు ఆడండి

చదివితే సగమే అర్థమవుతుంది. ఒక ఆదివారం నాలుగు బృందాలూ తలో 90 నిమిషాల ఆట నడపాలి. ఆ పద్ధతి తెలిసినవాళ్లు ఒకరికి కొత్తవాళ్లు ఇద్దరు చొప్పున ఉంటే చాలు. తెలిసినవాళ్లు సగం దాటితే కొత్తవాళ్లు గోడకు ఆనుకుని చూస్తారు, ఆడరు. ఇది ఎగ్గొట్టి నేరుగా పెద్ద ఆటకు వెళ్లాలనే ఒత్తిడి వస్తుంది. ఒప్పుకోకండి. మొత్తం ప్రణాళికలో ఏదైనా తీసేయాల్సి వస్తే దీన్ని ఆఖరున తీయండి.

సగటు తీయవద్దు

లార్ప్ రాయడం నేర్పే లార్ప్‌రైటర్ సమ్మర్ స్కూల్ కోసం మార్టిన్ ఆండ్రెసన్, మార్టిన్ నీల్సన్ తయారుచేసిన 'మిక్సింగ్ డెస్క్' ఇక్కడ బాగా పనికొస్తుంది. సౌండ్ ఇంజినీర్ బోర్డు మీద మీటల్లా, ఆటకు సంబంధించిన ఒక్కో నిర్ణయానికి ఒక్కో మీట: పూర్తి రహస్యం నుంచి పూర్తి పారదర్శకత దాకా, ఖాళీ గది నుంచి సంపూర్ణ సెట్టింగ్ దాకా, పాత్రను నిర్వాహకులు రాయడం నుంచి ఆటగాళ్లే రాసుకోవడం దాకా.

బృందాలు కలిసినప్పుడు అందరూ చేసే పని ప్రతి మీటనూ మధ్యలో పెట్టడం. చూడటానికి న్యాయంగానే ఉంటుంది, ఆటలో మాత్రం విఫలమవుతుంది. సగం రహస్యం అనేది లేదు: కొందరు దాచి కొందరు చెప్పేస్తే, దాచినవాళ్ల శ్రమ వృథా. సగం బలంతో దెబ్బ అంటే యుద్ధ బృందానికి అది దెబ్బే కాదు, లేటెక్స్ వాళ్లకు ఇంకా ఎక్కువే.

దీనికి బదులు రెండు పనులు చేయండి. ప్రాణానికి, శరీరానికి, ఆట ఆపడానికి సంబంధించిన కొద్ది రూల్స్ మాత్రం అందరికీ ఒక్కటే చేయండి, ఒక పేజీ దాటకుండా. మిగిలినవన్నీ చోటును బట్టి, వేళను బట్టి మారనివ్వండి. ఒక్కో చోట మీట ఒక కొసకు ఉండాలి, ఏ కొస అన్నది గుమ్మం మీద రాసి ఉండాలి.

మూడు చోట్లు సరిపోతాయి. మైదానంలో యుద్ధం. హాల్లో దర్బారు, రహస్యాలు, బేరాలు. అక్కడ ఆయుధం గుమ్మం దగ్గరే వదలాలి, దేహస్పర్శ లేదు. చిన్న గదిలో నల్ల తెరలు, నాలుగు కుర్చీలు, ఒక దీపం. అందులో జ్ఞాపకాలు, కలలు, 'ఆ రోజు ఇంకోలా జరిగి ఉంటే' లాంటి సీన్లు, ఒక్కోటి 20 నిమిషాలు, ఒక నిర్వాహకుడి చేతి మీదుగా.

ఈ చోట్లు ఒకదాని మీద ఒకటి ఆధారపడకపోతే ఒకే పొలంలో మూడు వేరు ఆటలు నడుస్తాయి. అందుకని హాల్లో కుదిరిన ఒప్పందాన్ని బట్టి మైదానంలో ఎవరు ఎంతమందితో, ఏ గట్టు నుంచి దిగాలో తేలాలి. మైదానంలో పట్టుబడ్డ బందీలు హాల్లోకి రావాలి. బందీని ఏం చేయాలో తేల్చే ముందు, ఆ బందీకీ పట్టుకున్నవాడికీ చిన్న గదిలో ఒక సీన్ ఉండాలి.

ఉమ్మడి పేజీలో ఏముండాలి

ముందు ఆపే మాట. ఇక్కడే అసలు ప్రమాదం పొంచి ఉంది. అమెరికన్ బృందాల్లో 'హోల్డ్' అంటే అందరూ ఉన్నచోట ఆగిపోవాలి. బ్రిటన్, జర్మనీలలో 'టైమ్ ఫ్రీజ్' ఆటలో భాగం: మంత్రం పనిచేసినట్టు చూపడానికి కళ్లు మూసుకుని గొంతులో కూనిరాగం తీస్తూ నిలబడతారు. బ్రిటన్‌లో నిజమైన గాయానికి వేరే కేక ఉంది. ఒకరు నిజంగా కాలు మడతపడి 'ఫ్రీజ్' అని అరిస్తే, పక్కవాళ్లు కళ్లు మూసుకుని రాగం తీస్తూ నిలబడే అవకాశం ఉంది. అందుకని ఏ బృందమూ ఆటలో వాడని మాట ఒకటి ఎంచండి. రెండు అక్షరాలు, అరిస్తే దూరం వినబడేది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉంటే 'తూచ్' చాలా బాగుంటుంది: పొట్టిది, చిన్నప్పటి నుంచీ ఒంటికి తెలిసింది, ఆటలో పొరపాటున రాదు. విన్న ప్రతివాళ్లూ ఆ మాటనే తిరిగి అరిచి, ఆయుధం కిందికి దించి, గాయపడినవాళ్ల దగ్గరున్నవాళ్లు తప్ప మిగతావాళ్లు ఒక మోకాలి మీద కూర్చోవాలి. నిలబడి ఉన్నది గాయపడినవాళ్ల దగ్గరున్నవాళ్లు మాత్రమే కాబట్టి ప్రథమ చికిత్స చేసేవాళ్లకు దారి కనిపిస్తుంది.

ఆపకుండా నెమ్మదించడానికి రెండో మాట. నార్వేలో 'కుట్' అంటే ఆపు, 'బ్రెమ్స్' అంటే బ్రేకు, తీవ్రత తగ్గించు అని. ఈ రెండంచెల పద్ధతి తీసుకోదగ్గది, ఎందుకంటే ఆట మొత్తం ఆపడానికి మొహమాటపడేవాళ్లు బ్రేకు వేయడానికి వెనకాడరు.

మాట అక్కర్లేని రెండు సైగలు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి చూపితే 'నువ్వు బాగానే ఉన్నావా' అని. బొటనవేలు పైకి ఎత్తితే బాగున్నట్టు. అరచెయ్యి అటూ ఇటూ ఊపినా, బొటనవేలు కిందికి చూపినా బాగాలేనట్టు. వెంటనే సీన్ నుంచి బయటికి తీసుకెళ్లాలి. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని నడిచిపోతే 'నేను వెళ్తున్నాను, ఎందుకని అడక్కండి' అని. సున్నా సైగ కొన్ని సమాజాల్లో బూతు. మీ బృందంలో అలాంటివాళ్లు ఉంటే ముందే వేరే సైగ పెట్టుకోండి.

ఆటలో లేనని చూపే గుర్తు కూడా ఒక్కటే ఉండాలి. కొందరికి తల మీద పిడికిలి, కొందరికి తెల్ల తలపట్టీ. ఛాతీ మీద చేతులు అడ్డంగా కట్టుకుంటే కొన్నిచోట్ల 'అదృశ్యం' అని అర్థం, కాబట్టి అది వద్దు. రాత్రి దూరం నుంచి కనిపించేది తెల్ల పట్టీయే. నాలుగు బృందాల్లో రెండింటికి అది కొత్త అయినా దాన్నే పెట్టండి.

స్పర్శ: అడిగితేనే. దెబ్బ: తగిలినవాళ్ల మాటే చివరిది, పోట్లాట లేదు. చావు: శనివారం రాత్రి 8 గంటల దాకా ఎవరి పాత్రా వాళ్ల ఒప్పుదల లేకుండా చావదు. ఈ ఆఖరి రూల్ లేకపోతే శనివారం మొదటి యుద్ధంలోనే కత్తులతో కథ తేలిపోతుంది, మిగిలినవాళ్లకు ఆ తర్వాత చేయడానికి ఏమీ ఉండదు.

ఆయుధాలు, దెబ్బలు

గుడ్డ తొడుగు ఆయుధాన్నీ లేటెక్స్ కత్తినీ ఎదురెదురుగా వాడనివ్వవద్దు. గుడ్డ రాపిడికి లేటెక్స్ పొర లేచిపోతుంది. అంతకంటే ముఖ్యంగా, రెండింటి వెనుకా ఉన్న చేతులు వేరు బలానికి అలవాటుపడినవి. ఉమ్మడి యుద్ధంలో ఒకే రకం వాడండి. లేటెక్స్ అయితే 24 కత్తులు, 6 అదనంగా ఉంటే 48 మంది వంతులవారీగా దిగవచ్చు. యుద్ధ బృందానికి తమ పద్ధతిలో ఆడుకునేందుకు ఆదివారం ఉదయం ఒక గంట విడిగా ఇవ్వండి, చూడటానికి మిగిలినవాళ్లు వస్తారు.

ప్రతి ఆయుధాన్నీ ప్రతి యుద్ధానికీ ముందు చూడాలి. కొసను బొటనవేలితో గట్టిగా నొక్కితే లోపలి కడ్డీ తగలకూడదు. కొద్దిగా వంచి వదిలితే తిన్నగా రావాలి. వంకర మిగిలితే కడ్డీ విరిగింది, పక్కన పెట్టేయండి. లేటెక్స్ పొర చిరిగి ఫోమ్ కనిపిస్తే పగటికి పనికిరాదు, రాత్రికి అసలే వద్దు. లోపల కడ్డీ ఉన్న కత్తితో పొడవడం నిషిద్ధం. లేటెక్స్ అంటుకోకుండా వారం ముందు సిలికాన్ స్ప్రే కొట్టండి. ఎండలో కారు డిక్కీలో వదిలితే పొర బంకగా మారుతుంది. విల్లులకు చాలాచోట్ల 28 అంగుళాలు లాగినప్పుడు 25 నుంచి 30 పౌండ్ల పరిమితి ఉంటుంది. బాణం తల బల్లపరుపుగా, కనీసం 5 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి, కంటిగుంటలోకి దూరకుండా.

దెబ్బ బలం మాటల్లో చెబితే ఎవరికీ ఎక్కదు. కర్రసాము నేర్పేవాళ్లు చేసినట్టే చేయించండి: ఇద్దరిద్దర్ని, వేర్వేరు బృందాల నుంచి, ఎదురెదురుగా నిలబెట్టి భుజం కింద చేతి మీద పదేసి దెబ్బలు వేయించాలి. ప్రతి దెబ్బ తర్వాత తగిలినవాళ్లు 'ఎక్కువ', 'చాలు', 'తెలియలేదు' అనే మూడు మాటల్లో ఒకటి చెప్పాలి. ఆరో దెబ్బకల్లా చాలా చేతులు దారికొస్తాయి. రానివాళ్లకు మైదానంలో జెండా మోసే పాత్ర ఇవ్వండి. తల, మెడ, మొల, వేళ్ల మీద దెబ్బ లేదు.

పాత్రలు కలగలపండి

'ఒక్కో బృందం ఒక్కో రాజ్యం' అనే ఆలోచన ప్రతి నిర్వాహకుడికీ వస్తుంది. వదిలేయండి. అలా చేస్తే ఆటలోని పగలకు బయటి పోటీ తోడవుతుంది, యుద్ధం వచ్చినప్పుడు యుద్ధ బృందం ఉన్న రాజ్యమే గెలుస్తుంది. 48 మందిని ముగ్గురు చొప్పున 16 జట్లు చేయండి. ప్రతి జట్టులో మూడు వేర్వేరు బృందాలవాళ్లు ఉండాలి, ముగ్గురికీ ఒక చుట్టరికమో ఒక బాకీయో ఉండాలి. అక్కాతమ్ముళ్లు, వాళ్ల అప్పులవాడు. ఇలా కలిస్తే ఆట మధ్యలో ఒకరి పద్ధతి ఒకరికి చెప్పుకుంటారు, ప్రతిదానికీ నిర్వాహకుల దగ్గరికి రారు.

పాత్ర కాగితం ఒక పేజీ. సగం మీరు రాసి, సగం ఆటగాడు నింపేలా వదలండి. రహస్యం ఉంటే పక్కనే 'హాల్లో దాచాలి' అనో 'ఎప్పుడైనా చెప్పవచ్చు' అనో గుర్తు పెట్టండి. ఈ చిన్న గుర్తు హాలు బృందానికీ నార్డిక్ బృందానికీ మధ్య గొడవల్లో చాలా వాటిని మొదట్లోనే ఆపేస్తుంది.

వేషం విషయంలో ముందే ఒక కనీస స్థాయి చెప్పండి, ఫొటోలతో. ఖాళీ గదిలో మామూలు చొక్కాతో ఆడే అలవాటున్నవాళ్లు, చేత్తో కుట్టిన అంగరఖాల మధ్య చిన్నబోతారు. పది దుప్పట్లు, పది నడికట్లు, పది ముతక చొక్కాలు ఒక బల్ల మీద అరువుకు పెడితే సరిపోతుంది.

శుక్రవారం సాయంత్రం, రెండున్నర గంటలు

పేర్లు, జట్ల పరిచయం 20 నిమిషాలు. ఉమ్మడి పేజీ చదివి, ఆపే మాటను అందరూ మూడుసార్లు నిజంగా అరిచి, కూర్చుని చూపించడం 25. సైగలు 15. స్పర్శ ఎలా అడగాలి, కాదంటే ఎలా తీసుకోవాలి, ఇద్దరిద్దరిగా 15. దెబ్బల కొలత 35. పది నిమిషాల విరామం. మూడు చోట్లా ఒక్కో పది నిమిషాల సీన్, 30. 150 నిమిషాలు అయిపోయినట్టే. ఆలస్యంగా వచ్చినవాళ్లకు సైగలూ దెబ్బలూ మళ్లీ చేయించకుండా మైదానంలోకి పంపవద్దు, ఎంత పాత ఆటగాళ్లయినా.

శనివారం యుద్ధాలు రెండే, 11 నుంచి 12 దాకా, 4 నుంచి 5 దాకా. మిగిలిన వేళల్లో కత్తి అలంకారం. రాత్రి 12కు ఆట ఆగుతుంది, నిద్రపోయే గది ఆట బయట. నిద్ర, అన్నం తక్కువ చేసి తీవ్రత తెచ్చే అలవాటు కొన్ని బృందాల్లో ఉంది. బృందాలు కలిసిన మొదటి ఆటలో అది పూర్తిగా మానాలి. అలసినవాళ్లు కొత్త రూల్ మరిచి పాత అలవాటుకు వెళ్లిపోతారు, గాయాలు అప్పుడే అవుతాయి.

రాక్షసులు, దూతలు, ఊరి జనం లాంటి పాత్రలు వేసే సహాయకులు కొందరు కావాలి. కొన్ని బృందాల్లో వాళ్లకు ఫీజు సగం, కొన్నింట్లో అందరూ ఆటగాళ్లే. ప్రతి ఆటగాడూ ఒక గంట ఆ పని చేస్తాడని పెట్టండి, ఒకేసారి ఆరుగురు. అప్పుడు ఏ బృందమూ ఇంకో బృందానికి కూలికి వచ్చినట్టు ఉండదు.

ఆట ముగిశాక

ఆదివారం 11 గంటలకు ముగించండి. అరగంట నీళ్లు, టీ, వేషం మార్పు. తర్వాత 45 నిమిషాలు ఆరేసి మందిగా కూర్చుని మూడు ప్రశ్నలు: ఏ క్షణం మనసులో ఉండిపోయింది, ఎక్కడ 'ఇదేంటి తొండి' అనిపించింది, అది వాళ్ల పద్ధతి అని ఎప్పుడు తెలిసింది. రెండో ప్రశ్నకు జవాబులు రాసుకోండి, పేర్లు లేకుండా. ఎనిమిది ప్రశ్నల పట్టికలో మీరు అడగడం మరిచిన తొమ్మిదో ప్రశ్న వాటిలో ఉంటుంది.

ఏడవాల్సినవాళ్లకు, మాట్లాడకుండా ఉండాల్సినవాళ్లకు ఒక గది వదలండి. మూడు రోజుల తర్వాత జట్లలో ఒకరు మిగిలిన ఇద్దరికీ ఫోన్ చేయాలి.

డబ్బు లెక్క వారంలోపు నాలుగు బృందాలకూ పంపండి, అరువిచ్చిన కత్తుల్లో ఎన్ని చిరిగాయో, వాటి ఖర్చు ఎలా పంచారో అందులో ఉండాలి. తర్వాతి ఆటకు ఆతిథ్యం ఇచ్చేది ఇంకో బృందం కావాలి. క్నూటెపుంక్ట్ నాలుగు దేశాలు తిరిగినట్టు మీదీ తిరగనివ్వండి, పట్టికనూ ఉమ్మడి పేజీనీ సవరించి వాళ్ల చేతికివ్వండి.